మునకపేట కూల్చివేత పరీక్ష

రోహిణి కార్తె, సోమవారం

మునకపేట విశ్వవిద్యాలయానికి గుమ్మం లేదు. కిటికీలోంచి వెళ్ళాలి. కింది మూడు అంతస్తులూ సముద్రంలో ఉన్నాయి కాబట్టి పడవ నేరుగా నాలుగో అంతస్తు కిటికీ దగ్గర ఆగుతుంది. నా కాలు ఒకటి కిటికీలో, ఒకటి పడవలో ఉండగా పడవ వెనక్కి జరిగింది. సరిగ్గా ఆ భంగిమలో ఉన్నప్పుడే డీన్ భాస్కరంగారు నా చేతిలో పూలగుత్తి పెట్టారు. ప్లాస్టిక్ పూలు.

"పునర్వినియోగమండి. పన్నెండో లక్ష్యం," అన్నారు.

"ముందు నన్ను లాగండి సార్. తర్వాత లక్ష్యాలు చూస్తాం," అన్నాను.

నా పేరు కుళ్ళాయమ్మ. పాఠ్య మూల్యాంకన మండలిలో పరిశీలకురాలిని. మాది అనంతపురం వైపు. ఈత రాదు. ఈ రెండు సంగతులూ తెలిసే మండలి నన్ను ఇక్కడికి పంపింది. విశ్వవిద్యాలయాల్లో చెప్పే ప్రతి కోర్సూ పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో వేటికి, ఏ మేరకు పనికొస్తోందో తూచి మార్కులు వేయించడం నా ఉద్యోగం. ఆ లక్ష్యాలు మా ముత్తాతల కాలంలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్నవి. ఆకలి ఉండకూడదు, పేదరికం ఉండకూడదు, భూమి వేడెక్కకూడదు వగైరా. గడువు దాటి చాలా కాలమైంది. సముద్రం ఆ గడువు సంగతి పట్టించుకోకుండా ఊళ్ళోకి వచ్చేసింది. లక్ష్యాలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు వాటిని అందుకోమని ఎవరూ అడగరు కాబట్టి కొలవడం తేలిక.

నిజానికి కొలిచేది నేను కాదు, తుల. అరచేతిలో ఇమిడే పలక. పాఠ్యప్రణాళిక చదువుతుంది, పాఠం వింటుంది, అంకె చెబుతుంది. నేను దాన్ని మోసుకు తిరిగి, ఛార్జింగు పెట్టి, కింద సంతకం చేస్తాను. కోర్సుల సగటు యాభై దాటకపోతే విశ్వవిద్యాలయం గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే సరుకుల పడవ రాదు. పిల్లల్ని మెట్ట శిబిరాలకు తరలిస్తారు. అక్కడ చదువు ఉండదు, కంకర కొట్టే పని ఉంటుంది.

అధికారిక నివేదిక వేరే రాస్తాను. ఇది నా కోసం.

నాకు ఉత్తరం వైపు గది ఇచ్చారు. ఈ భవనం ఒకప్పుడు బట్టలూ బంగారమూ అమ్మిన పెద్ద అంగడి. రెండు భాగాలు, ఉత్తరం, దక్షిణం. మధ్యలో రెంటినీ కలిపే వసారా. భోజనంలో రొయ్యల పులుసు, నాచు పచ్చడి పెట్టారు. నాచు పచ్చడి గురించి అధికారిక నివేదికలో కూడా రాస్తాను.

రోహిణి కార్తె, గురువారం

ఇంతవరకు చూసిన కోర్సుల్లో ఒక్కదానికీ తొంభైకి తక్కువ రాలేదు. ఉద్యోగంలో చేరాక ఇలాంటి వింత చూడలేదు. మా మండలి సొంత శిక్షణ తరగతులకే అరవై రెండు వచ్చింది.

ఇవాళ తెలుగు వ్యాకరణానికి తొంభై నాలుగు వచ్చింది. మాస్టారిని పాఠ్యప్రణాళిక చదివి వినిపించమన్నాను. పాపం, చెమటలు తుడుచుకుంటూ చదివారు. సవర్ణదీర్ఘ సంధిలో హ్రస్వమని, దీర్ఘమని తేడా చూడకుండా అందరికీ దీర్ఘమే ఇస్తారు కనుక అసమానతల తగ్గింపు, పదో లక్ష్యం. అత్వసంధిలో ఒక అచ్చు లోపించి చోటు ఆదా అవుతుంది కనుక బాధ్యతగల వినియోగం, పన్నెండో లక్ష్యం. ఉత్వసంధి నిత్యం. నిత్యం అంటే సుస్థిరం కనుక పదిహేడు లక్ష్యాలకూ వర్తిస్తుంది.

"ఇది మీరే రాసినారా సార్?"

"అబ్బే, నాకంత తెలివెక్కడిదండి. భాస్కరంగారు పూత వేసి పెట్టారు."

పూత అనేది ఇక్కడ అందరికీ తెలిసిన మాట. ఉన్న పాఠానికి పైన లక్ష్యాలు పూయడం. నేరుగా డీన్ గారి గదికి వెళ్ళాను. ఇవటూరి భాస్కరంగారు సుస్థిరాభివృద్ధి శాఖకు అధిపతి. శాఖలో ఆయన ఒక్కరే ఉన్నారు. కుర్చీ వెనక గోడ నిండా, నేల నుంచి కప్పు దాకా, పదిహేడు లక్ష్యాల రంగుల గళ్ళ పటం. బీరువాలో వరుసగా కప్పులు, జ్ఞాపికలు.

అడిగితే దాచలేదు.

"పోయినసారి పరిశీలకుడొచ్చినప్పుడు సంగీతానికి వరసగా రెండోసారి పదకొండొచ్చిందండి. ఆ కోర్సు ఎత్తేశారు. మా హార్మోనియం మాస్టారు ఇప్పుడు మెట్ట మీద కంకర కొడుతున్నారు. ఆయన వేళ్ళు మీరు చూళ్ళేదు. అంచేత మిగతావాళ్ళకి నేనే రాసిపెట్టాను. ఒక్క అబద్ధం లేదండి అందులో. ఉన్న నిజాన్నే కాస్త సాగదీశాను."

"మీరు ఏం పాఠం చెప్తారు సార్?"

"టైమెక్కడిదండి? పూతలకే సరిపోతోంది."

కోపం తెచ్చుకోవాలని కాసేపు ప్రయత్నించాను. రాలేదు.

రోహిణి కార్తె, శనివారం

సున్నా దొరికింది!

కోర్సు పేరు కూల్చివేత శాస్త్రం. తరగతి గదిలో కాదు, మునిగిన సినిమా హాలు పక్కన కట్టిన బల్లకట్టు మీద జరుగుతోంది. పదిమందికి పైగా పిల్లలు మోకులు, కప్పీలు, తీగ రంపాలు పట్టుకుని హాలు పైకప్పును ముక్కముక్కగా దించుతున్నారు. ఇనుము ఒక వైపు, ఇటుక ఒక వైపు. మధ్యలో ముక్కాలిపీట మీద చుట్ట కాలుస్తూ ప్రొఫెసర్ మట్టపర్తి దమయంతిగారు. అరవై దాటి ఉంటాయి. వంతెనలు పడగొట్టడం గురించి ఆమె రాసిన పుస్తకాన్ని ఏయే దేశాల్లో చదువుతారో నేను కూర్చోకముందే చెప్పారు.

పాఠ్యప్రణాళిక అడిగాను. మూడు వాక్యాలు ఉన్నాయి. ఏది ముందు తియ్యాలి. ఏది చివర తియ్యాలి. తీసేటప్పుడు మనం ఎక్కడ నిలబడాలి.

తుల వెంటనే పలికింది. "లక్ష్యాల ప్రస్తావన లేదు. లక్ష్యం పదకొండు, నగరాల నిర్మాణం: ప్రతికూలం. మార్కులు సున్న."

"పోయినసారీ సున్నాయే," అన్నారు దమయంతిగారు పొగ వదులుతూ. "నిలబెట్టుకున్నాను."

"భాస్కరం సార్‌తో పూత వేయించుకోవచ్చు కదమ్మా? వరసగా రెండోసారి సున్నా వస్తే కోర్సు తీసేస్తారు."

"తీసెయ్యనీండి. ఆ పంతులు నా కోర్సుకి రంగులేత్తే నేనేం చదూకున్నానో నాకే మర్చిపోద్ది." కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. "మీ గది ఏ వైపిచ్చారమ్మా?"

"ఉత్తరం."

"ఓ నిమ్మకాయ నేల మీద పెట్టి చూడండి."

గదికి వచ్చి పెట్టాను. నిమ్మకాయ నెమ్మదిగా బయల్దేరి, మంచం కిందుగా పోయి, గుమ్మం దాటి, వసారాలో పక్క గది అమ్మాయి కాలికి తగిలి ఆగింది. ఆ అమ్మాయి పేరు నక్కా ఎస్తేరు. కూల్చివేత కోర్సు విద్యార్థిని. పై రెండు అంతస్తులూ ఆడపిల్లల హాస్టలు.

"మీక్కూడా నిమ్మకాయిచ్చారాండి?" అంది నవ్వుతూ. "మా గదిలో అయితే బకెట్టే ఎల్లిపోద్దండి."

మృగశిర కార్తె, మంగళవారం

వాన మొదలైంది. పొద్దున్నే సౌరఫలకాల మీద ఉప్పు తుడవడం ఇక్కడ అందరికీ వంతు. ఇవాళ నా వంతు. తుడుస్తుంటే ఫలకం చివర నీళ్ళన్నీ ఒకే మూలకు చేరడం గమనించాను. మధ్యాహ్నానికి నా గది తలుపు గొళ్ళెం పడలేదు. సాయంత్రానికి తలుపే తెరుచుకోలేదు. ఎస్తేరు భుజంతో గుద్దితే బయటపడ్డాను.

దమయంతిగారిని తీసుకుని డీన్ గదికి వెళ్ళాను. ఆమె ఎవరినీ అడగలేదు. నేరుగా కుర్చీ వెనక్కి వెళ్ళి, పటం మూల పట్టుకుని లాగారు. పేదరిక నిర్మూలన, ఆకలి నిర్మూలన, శుభ్రమైన నీరు వరుసగా ఊడివచ్చాయి. గోడలో పగులు ఉంది. కప్పు నుంచి నేల దాకా, కింద నా వేలు పట్టేంత వెడల్పు. పగులులోంచి గాలి వస్తోంది.

భాస్కరంగారు పగులును చూడలేదు. ఊడిన పటాన్ని మడత పెడుతున్నారు.

"తెలుసండి," అన్నారు చివరికి. "తెలిసే పటం పెద్దది చేయించాను."

"తెలిసి కూడా పైన ఆడపిల్లల్ని పడుకోబెట్టినారా?"

"మండలికి రెండుసార్లు రాశానండి. మూల్యాంకన సంవత్సరంలో భవనాల్లో మార్పులు నిషిద్ధమన్నారు. ఒక్క గది తగ్గినా గుర్తింపు పోతుంది. పిల్లలందరూ కంకర కొట్టడానికి పోతారు. నేనేం చెయ్యనండి? రోజూ వీపు వెనకాల దీన్ని పెట్టుకుని కూర్చున్నాను."

పిల్లల్ని దక్షిణం వైపు పంపేసి, ఉత్తరాన్ని దాని మానాన పడనిస్తే పోదా అని అడిగాను. దమయంతిగారు డీన్ గారి బల్ల మీది రొట్టె తీసుకుని, సగం చింపి, మిగతా సగం ఎలా చిరిగిందో చూపించారు.

"రెండిటికీ స్లాబొకటే. ఇది పడితే దాన్ని ఈడ్చుకుపోద్ది. పై నించి ఒక్కో అంతస్తూ దించుకుంటూ రావాలి. బరువు తగ్గితే అప్పుడది పడినా పడకపోయినా దక్షిణానికి పర్లేదు. ఆషాఢ అమావాస్య పోటు లోపల అయిపోవాలి."

రేడియోలో మా డైరెక్టర్ పరాంకుశంగారిని పట్టుకున్నాను. అంతా విన్నారు. ఆయన ఉన్న చోట ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కుళ్ళాయమ్మగారూ, మీరు కోర్సులు చూడడానికి వెళ్ళారు. గోడలు చూడడానికి కాదు."

"సార్, గోడ పడితే కోర్సులు చెప్పేదానికి ఎవురూ ఉండరు సార్."

"ఆ పరిస్థితి వస్తే సగటు గణించే పద్ధతి వేరే ఉంది. పంపిస్తాను."

మృగశిర కార్తె, శుక్రవారం

మూడు రోజులు ఆలోచించాను. ఆలోచిస్తూ ఎస్తేరు వాళ్ళ పరుపులు దక్షిణం వైపు మోశాను. నా పరుపు కూడా. ఇప్పుడు నేనూ ఇరవైమంది అమ్మాయిలూ జంతుశాస్త్ర ప్రయోగశాలలో పడుకుంటున్నాం. నా తల దగ్గర సీసాలో ఒక పీత ఉంది. అది నన్ను చూస్తూ ఉంటుంది.

పరిశీలకులకు ఒక అధికారం ఉంది. ఏ కోర్సుకైనా ప్రయోగ పరీక్ష పెట్టి కళ్ళారా చూడవచ్చు. ఎక్కడ, ఎలా అన్నది పరిశీలకుల ఇష్టం. దాన్ని ఎవరూ అడ్డుకోకూడదు, మండలి కూడా. మా వాళ్ళు ఈ అధికారాన్ని ఇంతవరకు ఒక్కందుకే వాడారు. పాకశాస్త్రం కోర్సులున్న చోట బిర్యానీ చేయించుకోవడానికి.

పొద్దున అందరినీ వసారాలో నిలబెట్టి ప్రకటించాను. కూల్చివేత శాస్త్రానికి ప్రయోగ పరీక్ష. పరీక్షా స్థలం ఉత్తర భాగం. గడువు అమావాస్య.

దమయంతిగారు చుట్ట ఆర్పేశారు. ఆమె చుట్ట మధ్యలో ఆర్పడం అదే మొదటిసారి అని పిల్లలు చెప్పుకున్నారు.

భాస్కరంగారు మాత్రం ఒప్పుకోలేదు. ముఖం ఎర్రబడింది.

"సున్నా వచ్చిన కోర్సు వాళ్ళొచ్చి నా శాఖని పడగొట్టడమేంటండి? దీని తర్వాత మీ ఉద్యోగముంటుందా? మా గుర్తింపుంటుందా? ఈ పిల్లల్ని కంకరకి పంపింది మీరే అవుతారు."

"అవుతాను సార్," అన్నాను. "బతికుంటేనే కదా సార్ కంకరకి పంపేది."

ఆయన గదిలోకి పోయి తలుపు వేసుకోబోయారు. తలుపు పడలేదు.

ఆరుద్ర కార్తె, ఆదివారం

ఎనిమిదో అంతస్తు లేదు. ఏడోది సగం ఉంది.

పని ఎలా సాగుతోందంటే, ముందు తలుపులు, కిటికీ రెక్కలు, గొట్టాలు. తర్వాత లోపలి గోడలు. తర్వాత స్లాబును తీగ రంపంతో బల్లలుగా కోసి, కప్పీతో బల్లకట్టు మీదికి దించడం. దించినదాన్ని దక్షిణం వైపు పునాది చుట్టూ నీళ్ళలోకి పేర్చడం. మొదట్లో కూల్చివేత పిల్లలే చేశారు. తర్వాత ఒక్కొక్కరే చేరారు. వ్యాకరణం మాస్టారు మోకు లాగేటప్పుడు అందరూ ఒకేసారి లాగేలా గట్టిగా విభక్తులు చెబుతున్నారు. "డు, ము, వు, లు!" దగ్గర అందరూ లాగుతారు. "ని, ను, ల!" దగ్గర ఊపిరి తీసుకుంటారు. నా చేతులకు బొబ్బలు లేచి, పగిలి, ఉప్పునీళ్ళు తగిలి మండుతున్నాయి. కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. ఉద్యోగంలో చేరాక నా చేతులు దేనికైనా పనికిరావడం ఇదే మొదలు.

భాస్కరంగారు ఐదో అంతస్తులో తన గదిలోనే ఉన్నారు. పైన రంపం ఆడుతుంటే కింద రాసుకుంటున్నారు. ఇవాళ మధ్యాహ్నం బయటికి వచ్చి దమయంతిగారి చేతిలో కాగితాలు పెట్టారు. కూల్చివేత శాస్త్రానికి పూత! తొంభై ఏడు వస్తాయట, లెక్క చూసుకున్నారట.

"కూల్చివేతంటే అసలు నిర్మాణమేనండి, వెనక నించి చూస్తే," అన్నారు ఎంతో ఆశగా. "మీ కోర్సు దక్కుతుంది. సగటూ పెరుగుతుంది."

ఆమె మొదటి పేజీ చదివారు. రెండోది చదివారు. నాకు ఒక్క క్షణం ఆమె ఒప్పుకుంటారనిపించింది.

"భాస్కరంగారూ, మీరు బాగా రాత్తారండి. అబద్ధమాడట్లేదు, అదీ నాకు తెలుసు. కానీ ఇది చదివినోడు ఏ పిల్లరు దగ్గర నిలబడాలో చెప్పండి?"

ఆమె కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేశారు. నీళ్ళలో పారేస్తారనుకున్నాను. అలా చేసి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఆరుద్ర కార్తె, శుక్రవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టు వాచింది.

దమయంతిగారి లెక్క ప్రకారం ఉత్తర భాగం అమావాస్య దాకా కదలకూడదు. అమావాస్య ఇంకా రాలేదు. నిన్న మధ్యాహ్నం పోటు మీద గాలి కూడా లేచింది. మేం ముగ్గురం, ఆమె, ఎస్తేరు, నేను, ఆరో అంతస్తులో చివరి స్లాబుకు గీతలు పెడుతున్నాం. మిగతా పిల్లలు అన్నానికి వెళ్ళారు.

ముందు చప్పుడు రాలేదు. మెట్లు పోయాయి. ఇప్పుడే ఎక్కివచ్చిన మెట్లున్న చోట ఆకాశం కనిపించింది. తర్వాత వచ్చింది చప్పుడు. నేల ఒరిగింది. నేను పాకుతూ కిటికీ చట్రం పట్టుకున్నాను. మణికట్టు అప్పుడే బెణికింది.

"గోడ దగ్గరకెల్లకండి! పిల్లరు, పిల్లరు పట్టుకోండి!" దమయంతిగారు అరుస్తున్నారు. ఎస్తేరు నన్ను నడుం పట్టుకుని పిల్లరు వైపు లాగింది.

కిందికి చూస్తే నీళ్ళు. నీళ్ళలో ఒక పడవ. పడవలో భాస్కరంగారు. గది ఖాళీ చేసి, కప్పులూ జ్ఞాపికలూ గోనెసంచుల్లో వేసుకుని దక్షిణం వైపు పోతున్నారాయన. తలెత్తి మమ్మల్ని చూశారు. సంచులు ఒక్కొక్కటీ ఎత్తి నీళ్ళలోకి విసిరేశారు. పడవ తిప్పి, ఇటుకలు రాలుతున్న గోడ కిందికి, సరిగ్గా మా కిటికీ కిందికి తెచ్చారు. ఒక ఇటుక పడవ అంచు మీద పడింది. ఆయన కదల్లేదు.

"దూకండి!"

ఎస్తేరు దూకింది. పడవ పక్కన నీళ్ళలో పడి, ఒక్క బారలో ఎక్కేసింది.

"నాకు ఈత రాదు!" అని నేను అరిచాను.

"ఈదమనట్లేదండి, పడమంటున్నాను!" అన్నారు భాస్కరంగారు. "పడ్డం వచ్చుకదా!"

పడ్డాను. ముక్కులోకి, చెవుల్లోకి, ఆలోచనల్లోకి కూడా ఉప్పునీళ్ళు వెళ్ళాయి. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. దమయంతిగారు చివరగా దూకారు. దూకేటప్పుడు చట్రం ఆమెతో పాటే ఊడి కాలి మీద పడింది. ఎస్తేరూ భాస్కరంగారూ కలిసి ఆమెను లోపలికి లాగి, తెడ్డు వేసి, దక్షిణం గోడ చాటుకు చేరేసరికి మా వెనక ఉత్తర భాగం కూర్చుంది. కూలడం అంటే ఏదో పెద్ద హడావుడిగా ఉంటుందనుకున్నాను. అలిసిపోయిన మనిషి కూలబడినట్టు కూర్చుని, నీళ్ళలోకి పోయింది. అల వచ్చి పడవను గోడకు కొట్టింది.

దక్షిణ భాగం ఒక్కసారి మూలిగింది. కిటికీల్లో అన్నం చేతులతో పిల్లలు. అందరం చూస్తూ ఉన్నాం. నిలబడింది.

దమయంతిగారి మోకాలి కింద ఎముక విరిగింది. పళ్ళు బిగబట్టి పడుకుని ఉన్నారు. కాసేపటికి భాస్కరంగారి వైపు తిరిగి, "నా లెక్క తప్పిందండి," అన్నారు. ఆమె అలాంటి మాట అనగా పిల్లలెవరూ వినలేదట. భాస్కరంగారు తన పంచె చింపి ఆమె కాలికి తెడ్డు కట్టారు.

"సరేలెండి. పడుకోండి," అన్నారు. ముడి ఇంకోసారి బిగించారు.

పునర్వసు కార్తె, బుధవారం

అమావాస్య పోటు వచ్చింది, పోయింది. రాత్రంతా నీళ్ళు ఐదో అంతస్తు కిటికీలను కొట్టాయి. గోడలో కొత్త గీత ఒక్కటి కూడా లేదు. పునాది చుట్టూ పేర్చిన పాత స్లాబులు అలల్ని విరిచాయి. ఒడ్డు నుంచి వైద్యుడు వచ్చి దమయంతిగారి కాలికి సరైన కట్టు వేశాడు. తెడ్డు కట్టింది ఎవరని అడిగి మెచ్చుకున్నాడు. భాస్కరంగారు సిగ్గుపడ్డారు.

నేను నివేదిక ముగించాలి. తుల ఎండలో ఆరి మళ్ళీ పలికింది. ఉప్పునీళ్ళలో మునిగినా బుద్ధి మారలేదు. "ప్రయోగ ఫలితం: నిర్మాణ నష్టం. మార్కులు సున్న."

పూత వేసిన కోర్సులన్నిటి మీద ఒక రోజంతా కూర్చున్నాను. వ్యాకరణం తొంభై నాలుగుకు అర్హమా? కాదు. విభక్తులతో స్లాబులు దింపిన మాస్టారు మెట్ట మీద కంకర కొట్టడానికి అర్హులా? దానికి తుల దగ్గర గడి లేదు. ఉన్న మార్కులు ఉన్నట్టే ఉంచి సంతకం పెట్టాను. అది తప్పని ఎవరైనా అంటే వాదించను. కూల్చివేత శాస్త్రం దగ్గర తుల అంకె కొట్టేసి, ఎడమ చేత్తో వంకరగా వంద వేశాను.

దమయంతిగారికి చెబితే మొహం తిప్పుకున్నారు.

"ఎవరడిగారమ్మా మిమ్మల్ని? అంతమంది కష్టపడి తొంభైలు తెచ్చుకుంటే, ఒకే ఒక్క సున్నా నాది. అదీ పోగొట్టారు."

ఉత్తర భాగం ఇక లేదని, తొలగించిన బాధ్యత నాదేనని, తగిన చర్య తీసుకోవచ్చని విడిగా రాసి పంపాను. పిల్లలెవరికీ చెప్పలేదు. సరుకుల పడవ ఆగిపోతుందేమోనని రోజూ ఎదురుచూస్తున్నాను.

పుష్యమి కార్తె, సోమవారం

పడవ వచ్చింది. బియ్యం, కిరసనాయిలు, పరాంకుశంగారి జవాబు తెచ్చింది. సరుకు దించకముందే వసారాలో అందరూ మూగారు. గట్టిగా చదివాను.

మూల్యాంకన సంవత్సరంలో భవనాల్లో మార్పులు నిషిద్ధం కనుక, మునకపేటలో ఎటువంటి మార్పూ జరగలేదు. రికార్డుల ప్రకారం ఉత్తర భాగంలో తరగతి గదులన్నీ ఉన్నాయి. విశ్వవిద్యాలయం సగటు సంతృప్తికరం. గుర్తింపు కొనసాగుతుంది. అయితే పరిశీలకురాలి నివేదికలో కొంత మానసిక అలసట కనిపిస్తున్నందున, ఆమె మండలికి తిరిగి రాకుండా అక్కడే ఉండి, ఉత్తర భాగం గదుల్లో తరగతులు క్రమం తప్పకుండా జరుగుతున్నట్టు ప్రతి నెలా ధ్రువీకరించాలి.

ముందుగా ఎస్తేరు పగలబడి నవ్వింది. ఆమెను చూసి అందరూ. వ్యాకరణం మాస్టారు నవ్వలేక బియ్యం బస్తా మీద కూర్చుండిపోయారు.

"మరైతే ఉత్తరంలో క్లాసులెవరివుండేయండి?" అని ఎవరో అడిగారు.

అందరూ భాస్కరంగారి వైపు చూశారు.

పుష్యమి కార్తె, గురువారం

ఇవాళ ఉత్తర భాగంలో తరగతి జరిగిందని ధ్రువీకరిస్తున్నాను.

నాలుగు పడవలు ఒకదానికొకటి కట్టి, గది ఉన్న చోట, దాదాపు ఆ ఎత్తులోనే లంగరు వేశాం. ఇరవైమంది పిల్లలు వచ్చారు. ఎండ బాగా ఉంది. భాస్కరంగారు ఉతికిన చొక్కా వేసుకుని మొదటి పడవలో లేచి నిలబడ్డారు. పడవ ఊగింది. కూర్చున్నారు. కూర్చునే మొదలుపెట్టారు.

"సుస్థిరాభివృద్ధి, పరిచయం," అని ఆగారు. అలవాటుగా వెనక్కి చెయ్యి చూపించబోయి, వెనక ఏమీ లేకపోవడంతో ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. పాఠం చెప్పి ఎన్నో ఏళ్ళయిందని ముఖమే చెబుతోంది. "ఏ లక్ష్యంతో మొదలెట్టమంటారు?"

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎస్తేరు చెయ్యెత్తింది.

"లక్ష్యం వద్దండి. ఇక్కడున్న బిల్డింగు ఎలా ఒరిగిందో చెప్పండి."

ఆయన నీళ్ళలోకి చాలాసేపు చూశారు. ఇక లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఎక్కడికి వెళ్తారు, చుట్టూ నీళ్ళే.

"గోడలో గీత నేను మొదట చూసింది పోయినేడు వినాయక చవితి నాడండి," అన్నారు మెల్లిగా. "ఆ వేళ పటం దులుపుతున్నాను. వెంట్రుకంత ఉంది. దాని మీద చెయ్యి పెడితే చల్లగా..."

దక్షిణం వైపు ఐదో అంతస్తు కిటికీ దడాలున తెరుచుకుంది. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకున్నట్టున్నారు, దమయంతిగారి తల, చుట్ట కనిపించాయి.

"వెంట్రుకంత కాదు! చవితికి గోరంత! నేనప్పుడే బయటి నించి చూశాను! సరిగ్గా చెప్పండి పిల్లలకి!"

భాస్కరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గోరంత ఉంది," అన్నారు.

పిల్లలు కొట్టేసి మళ్ళీ రాసుకున్నారు.